సేఠ్ గొలుసు

"నాయినా, చేతులు కట్టుకొని నా ఎనక నిలబడు. జర కోపంగ చూడు," అన్నాడు ప్రణయ్.

సూరత్‌లో తండ్రి సోమలింగం సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిపే షెడ్డులోనే ప్రణయ్ ర్యాప్ వీడియో తీస్తున్నారు. సోమలింగం మాత్రం ఫొటోకి నవ్వినట్టు నవ్వుతున్నాడు.

"నవ్వొద్దు కాకా! ర్యాప్‌ల ఎనకున్నోళ్లు నవ్వరు," కెమెరా పట్టుకున్న ఉమాకాంత్ అరిచాడు.

సోమలింగం కొడుకు మెడలోని బంగారు గొలుసు చూశాడు. "ఎవరిదిరా?"

"మీ సేఠ్‌ది. గొలుసు లేకుంటే ర్యాపరంటే ఎవడు నమ్ముతడు? అడగంగనే ఇచ్చిండు."

"ఊకెనే ఇచ్చిండా?"

"సోమవారం సంది నీ పక్క సాంచాలు నడపమన్నడు. సరే అన్న."

సోమలింగం ముఖంలో నవ్వు చచ్చిపోయింది. కొడుకునే చూస్తున్నాడు.

"అదీ! గట్లనే ఉండు కాకా!" ఉమాకాంత్ పాట పెట్టాడు.

"ఈ సాంచాలు జన్మల ముట్ట!" అని స్పీకర్‌లో, ముందే రికార్డు చేసిన ప్రణయ్ గొంతు మోగింది. కెమెరా ముందు అతని పెదవులు కదల్లేదు.