పైడితల్లి చేతి కడియం

విజయనగరంలో డెబ్బై దాటిన పింఛనుదారులందరికీ ఆరోగ్య పరిశోధన కేంద్రం వాళ్లు చేతికి కడియాలు తొడిగారు. వేసిన అడుగులు, తిన్న తిండి, కండలో బలం, అన్నీ ఆ కడియమే కనిపెట్టి కేంద్రానికి చెబుతుంది. ముప్పై ఏళ్లు పిల్లల్ని ఎండలో పరుగులు పెట్టించిన డ్రిల్లు మాస్టార్ని నేను. నా కాళ్లు కదపడానికి మాత్రం బద్ధకం. అందుకే తెల్లారగానే కడియం మా పనిమనిషి పైడితల్లి చేతికి తొడిగి, సాయంత్రం వెనక్కి తీసుకునేవాణ్ని.

నెల తిరిగాక, నేను ఇడ్లీ, ఉడికించిన గుడ్లు ముందేసుకుని కూర్చున్నప్పుడు, కేంద్రం డాక్టరమ్మ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాను. పైడితల్లి పక్కనే నేల తుడుస్తోంది.

"మాస్టారూ, రోజుకి పన్నెండు వేల అడుగులు! భేష్. కానీ మధ్యాహ్నం మూడింటిదాకా మీ కడుపులో టీ తప్ప ఏమీ పడటం లేదు. కండ కరిగిపోతోంది. ఇంట్లో మీకెవరూ తిండి పెట్టడం లేదా?"

నోట్లో గుడ్డు నోట్లోనే ఉండిపోయింది. ఆ టీ ఇచ్చేది మేమే.

ఫోన్ పెట్టేశాక పైడితల్లి లేచి, కడియాన్ని చీర చెంగుతో తుడుస్తూ తల దించుకుంది.

"తప్పయిపోనాది బాబూ. నా మూలాన మీకు మాటొచ్చింది. రేపట్నుంచి ఇంటికాడ గంజైనా తాగొస్తాను."