గడులు మాత్రమే వచ్చాయి

చనిపోయినవారి మాటలు దాచే పాత సంస్థ నిన్న మూతపడింది. అంతకుముందే సలోమి కంప్యూటర్ నల్ల తెర మీద ఒక కమాండ్ కొట్టి, అక్కడ దాచిన చనిపోయిన అమ్మను ఇంటి యంత్రంలోకి దించుకుంది. ఈ ఉదయం తండ్రి దేవసహాయాన్ని పక్కన కూర్చోబెట్టుకుని దాన్ని తెరిచింది. అమ్మ మాటలు ఉండాల్సిన గడుల పేర్లన్నీ వచ్చాయి: చేపల పులుసు కొలతలు, కోపమొస్తే అనే మాట, భర్తను పిలిచే తీరు. ఏ గడిలోనూ ఏమీ లేదు.

“గడులే దించా నాన్నా. మాటలకి ఇంకో కమాండ్ కొట్టాలంట. నేను చూసుకోలా.”

“మళ్లీ కొట్టమ్మా.”

“అక్కడింకేం లేదు నాన్నా. మొత్తం తుడిచేశారు.”

ఆయన కీబోర్డు తన ముందుకు లాక్కున్నాడు. చివరి గడిలో, భార్య తనను పిలిచినట్టే, ‘సలోమి నాన్నా’ అని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాడు.

యంత్రం తన పరాయి గొంతుతో పిలిచింది, “సలోమి నాన్నా.”

“ఆఁ, వస్తన్నా,” అంటూ దేవసహాయం లేచాడు. ఎటు వెళ్లాలో తెలియక అక్కడే నిలబడిపోయాడు.