దుప్పిని ఏమంటారు

“అక్కడ గడ్డి తింటున్నదేంటో చెప్పు” అంది వినీల నాలుగోసారి.

బాబీ కంచెలోంచి తొంగి చూశాడు. “దుప్పి.”

“ఇంగ్లీషులో.”

బాబీ మంకీక్యాప్ సర్దుకున్నాడు. చెప్పు మొనతో మట్టి గీకాడు. ఈలోగా నాలుగేళ్ల డయానా కంచె పట్టుకుని ఊగుతూ “డీర్” అనేసింది.

“నువ్వు చెప్పకమ్మా. నీకొచ్చని తెలుసు. వాణ్ని చెప్పనీ.”

రేపు పది గంటలకు స్కూల్లో ఇంటర్వ్యూ. అక్కడ ఏమేం అడుగుతారో వినీల ముందే కనుక్కుంది. పేరు, ఊరు, ఈమధ్య చూసొచ్చిన చోటు గురించి నాలుగు మాటలు. అన్నీ ఇంగ్లీషులోనే. ఇద్దరిలో ఒక్కరు తప్పినా ఇద్దరినీ వెనక్కి పంపేస్తారట. డయానా గురించి ఆమెకు బెంగ లేదు. బెంగంతా బాబీ గురించే. పోయిన నెల ఇంకో స్కూల్లో ప్రిన్సిపాల్ మేడం నీ పేరేంటని అడిగితే వీడు నోరు విప్పలేదు. రెండోసారి అడిగేసరికి లేచి బయటికొచ్చేశాడు. సీటు పోయింది. ఇంటికి దగ్గర్లో ఉన్న మంచి స్కూళ్లలో ఇక మిగిలింది ఇదొక్కటే.

వాళ్ల వంశంలో డిగ్రీ చదివిన మొదటి మనిషి వినీల. అందుకని చదువు అన్న మాట ఎక్కడ వినిపించినా ఇంటిల్లిపాదీ ఆమె వైపే చూస్తారు. బాబీవాళ్లు పోయిన వేసవిలో కైకలూరు దగ్గరి పల్లె వదిలి గుణదల వచ్చేశారు. అప్పట్నించీ ఈ బరువూ ఆమెదే అయింది. వారం రోజులు ఆఫీసు నుంచి రాగానే బొమ్మల పుస్తకం ముందేసుకుని వాడికి చెప్పింది. పేజీ తిప్పితే మరిచిపోయేవాడు. కళ్లతో చూస్తేనన్నా బుర్రకెక్కుతుందేమోనని ఆదివారం చర్చి కూడా మానుకుని, ఇద్దరినీ బస్సెక్కించి, ఇబ్రహీంపట్నం దాటాక ఉన్న ఈ జంతువుల పార్కుకి తీసుకొచ్చింది.

ఫోన్ మోగింది. వినీల అక్క జీవరత్నం. బాబీ వాళ్లమ్మ. వాడు టిఫిన్ సరిగ్గా తిన్నాడా, ఈ చలికి స్వెటర్ వేసుకున్నాడా, దగ్గు ఎలా ఉంది అని వరసపెట్టి అడిగింది. చివర్న అసలు సంగతి చెప్పింది. “వాణ్ని గట్టిగా అరవమాకే. బెదిరిపోతాడు.”

“మీరంతా కలిసే వాణ్నిలా తయారుచేశారు” అని వినీల ఫోన్ పెట్టేసింది.

ఎలుగుబంటి దగ్గర పావుగంట నిలబడ్డారు. ఇంకా మంచు విడలేదు. అది రాతి గూట్లోంచి మూతి మాత్రం బయటపెట్టి పడుకుంది. ఎంతమంది కేకేసినా కదల్లేదు.

“చూడరా, దానికీ నీకూ ఒకటే జబ్బు” అంది వినీల.

బాబీ నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ఒళ్లు మండింది. బేర్ అన్న మాట వాడి చేత పదిసార్లు అనిపించింది. నెమళ్ల దాకా నడిచాక, ఇందాక చూసిందేంటని అడిగితే “టైగర్” అన్నాడు.

నీటికుక్కల మడుగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం వాడు మారిపోయాడు. గోడ మీదికి వంగి, చెయ్యి చాపి చూపిస్తూ చెప్పుకుపోయాడు.

“పిన్నీ, ఇయ్యి మన చెరువుల్లోకి తెల్లారగట్ల వచ్చేయి. వల కొరికేసి చేపని తలకాయ దగ్గర్నుంచి తింటాయి. గట్టు మీద అడుగు చప్పుడైందా, ఇక్కడ మునిగి అక్కడ తేలతాయి. పిల్ల కనబడకపోతే ఎట్టా పిలుస్తాయో తెలుసా?”

నోటితో సన్నగా ఈల వేశాడు. నీళ్లలోంచి రెండు తలలు పైకి లేచి వాడి వైపు తిరిగాయి. చుట్టుపక్కల వాళ్లు మూగారు. డయానా చప్పట్లు కొట్టింది.

“ఇదే ఇంగ్లీషులో చెప్పు” అంది వినీల.

బాబీ చాపిన చెయ్యి వెనక్కి తీసుకుని మంకీక్యాప్ కిందికి లాక్కున్నాడు.

“ఇంత తెలిసినవాడివి, రేపు ఆ స్కూలు మేడం ముందు రెండు ముక్కలు చెప్పలేవా?”

“తెలుగులో అడిగితే గంట చెబుతా పిన్నీ. ఆ మేడంలు కళ్లజోడు పైనుంచి చూస్తారు. అప్పుడు నా పేరు కూడా నాకు గుర్తుండదు.”

“నీ ఒక్కడి మూలంగా సీటు పోతే మళ్లీ నా గుమ్మం తొక్కమాక.”

అనేశాక వినీల నాలిక కరుచుకుంది. బాబీ తల దించుకుని ముందు నడిచాడు. మొసళ్ల వైపు చూడను కూడా చూడలేదు. వినీల డిగ్రీలో చేరిన మొదటి రోజు, లెక్చరర్ నీ పేరేంటని అడిగితే, లేచి నిలబడి ఊరి పేరు చెప్పింది. క్లాసు క్లాసంతా నవ్వింది. ఆ సంగతి ఆమె ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడూ చెప్పబుద్ధి కాలేదు.

గేటు బయట బెంచీ మీద బస్సు కోసం కూర్చున్నారు. కాసేపటికి బాబీ గొంతు సవరించుకుని, ఎవరూ అడక్కుండానే, రోడ్డు వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

“మై నేమ్ ఈజ్ బాబీ. సండే... వి వెంట్ జూ. వి సా డీర్. వి సా...”

ఆగిపోయాడు. డయానా అందించబోతే వినీల దాని నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

“...బేర్” అన్నాడు బాబీ.

తప్పులున్నాయి. వినీల దిద్దలేదు. మళ్లీ చెప్పమంది. చెప్పాడు. మూడోసారి రోడ్డు వైపు కాకుండా ఆమె మొహంలోకి చూసి చెప్పాడు.

“రేపు ఇట్టాగే చెప్పు. ఆవిడ కళ్లజోడు వైపు చూడమాక. డయానాని చూసి చెప్పు” అంది.

బస్సు వస్తుంటే లేచారు. డయానా కాళ్లు నొప్పులని గునిసింది. వినీల వంగి చేతులు చాచింది. డయానా ఆమెను దాటుకుంటూ వెళ్లి, బాబీ ముందు నిలబడి తలెత్తి చూసింది.

“ఎత్తుకో నాన్నా” అంది.