కోడలి చేతులకు బీమా

గోదావరికి వరదల కాలం రాగానే ఆత్రేయపురంలో ప్రతి ఇంటి గోడా నోరు విప్పి, ఈ ఏడు బీమా దేనికని అడుగుతుంది. ఒక్కో ఇంట్లో ఏదో ఒక్కదానికే పూర్తి బీమా.

"ఇంటికే తీసుకోండమ్మా," అంది గోడ.

"నువ్వు కూలితే మళ్ళీ కట్టుకుంటాం. మా కోడలి చేతులకి బీమా రాయి," అంది పూతరేకుల సూరమ్మ.

"అయితే పనితనం చూపించాలండి."

సూరమ్మ దగ్గరుండి నేర్పిన కోడలు మంగవేణి, పిండిలో ముంచిన గుడ్డను కాగిన కుండ మీద ఒక్క విసురున లాగింది. రేకు తీసి గోడ కంటికెదురుగా పట్టుకుంది.

గోడ చాలాసేపు వెతికింది. "ఆవిడ చేతుల్లో ఏమీ లేదండి."

సూరమ్మ మొహం వెలిగిపోయింది. "రేకుంది నాయనా! నీ కంటికే ఆనలేదు. ఆ ముక్కే రాసుకో."