తోక తీర్మానం

ఒక పెంకుటింటి గోడమీద ఒక బల్లి ఉండేది. ఎవరేం మాట్లాడినా ఆ వెంటనే బల్లి పలికిందంటే, ఆ మాట నిజమని ఆ ఇంట్లో నమ్మకం. ఈ గౌరవమంతా తలకే దక్కుతోందని తోకకు ఒళ్లు మండింది.

"ఎటు పోవాలో నువ్వే చెప్తావు. పిల్లి మీదికొస్తే మాత్రం నన్ను వదిలేసి పారిపోతావు. నీతో పొత్తు నాకొద్దు. ఇకనుంచి నాకు నేనే రాజుని," అంది తోక.

"నీకు నోరు లేదు కదే, ఏం తిని బతుకుతావు?" అంది బల్లి.

"అవన్నీ విడిపోయాక చర్చల్లో తేల్చుకుందాం."

"మరి కాళ్లు?"

"అవీ చర్చల్లోనే."

బల్లికి విసుగొచ్చి ఒక్క విదిలింపు విదిలించింది. తోక నేలమీద పడి ఎగిరెగిరి గంతులేసింది. ఎటు గెంతాలో చెప్పేవాళ్లు లేకపోవడం దానికి భలే నచ్చింది.

ఆ సందడికి చీమలు వచ్చాయి. వాటిలో పెద్ద చీమ వంగి దండం పెట్టి, "మిమ్మల్ని స్వతంత్ర దేశంగా అందరికంటే ముందు మేమే గుర్తిస్తున్నాం," అంది. వెంటనే నలభై చీమలు తోకను భుజాలకెత్తుకుని ఊరేగింపుగా బయల్దేరాయి.

తోక గోడవైపు తిరిగి, "చూశావా? నీ దగ్గరున్నన్నాళ్లూ నన్ను ఒక్కరోజైనా ఎవరైనా మోశారా?" అంది. తర్వాత పెద్ద చీమను అడిగింది, "ఇంతకీ ఎక్కడికి వెళ్తున్నాం?"

"మా పుట్టకి. ఇవాళ అక్కడ విందు. మీరు లేనిదే మొదలుపెట్టరు."

గోడమీద బల్లి పలికింది.