చివరి పది నిమిషాలు

పన్నెండున్నర అయింది. బాలచంద్ర నీళ్ల ట్యాంకు మీది నుంచి దిగలేదు.

మిద్దె మీద అరిటాకు వేసి గంట దాటింది. అలసంద వడలు, వంకాయ కూర, పాయసం. అన్నీ ఆయనకు ఇష్టమైనవే. ఆయన తినకుండా ఇంకెవరూ తినకూడదు. అందరికీ ఆకలిగా ఉంది. అందుకని ఆయన మీద గౌరవం కొంచెం కొంచెంగా తగ్గుతోంది.

“బావా, ఎండ సూడు. వడలు అప్పడాలైపోతాండాయి. దిగప్పా,” అన్నాడు బావమరిది మునికుమార్.

బాలచంద్ర ఒకసారి ఇటు చూశాడు. మళ్లీ కొండ వైపు తిరిగాడు.

“వాడు చిన్నప్పట్నుంచీ అంతే,” అంది అక్క తాయమ్మ. “పెండ్లినాడు పప్పులో ఉప్పు సాల్లేదని పీటల మీదే మూతి ముడుసుకోని కూసున్నాడు. అలగడానికి జీతమిస్తే వాడు ఈపాటికి మేడలు కట్టుండు.”

పక్క మిద్దె మీద బట్టలు ఆరేస్తున్న పంకజాక్షికి జాలేసింది.

“మా మిద్దె మీదికైతే పిలవకుండానే వస్తాడే! నిన్న గూడా ఇడ్లీ తినిపోయినాడు.”

మోహన తల ఎత్తలేదు. తెల్లవారుజామునే లేచి ఇవన్నీ వండింది ఆమె. భర్త ఎందుకు అలిగాడో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

అంతా ఒక జపాన్ బొమ్మల సినిమా వల్ల వచ్చింది. చంద్రుడి మీద నీళ్ల లారీ తోలే ఒక ఆడపిల్ల కథ. ముప్పై అయిదేళ్ల కిందట, సూళ్లూరుపేటలో ఉద్యోగం చేసేటప్పుడు, బాలచంద్ర దాన్ని వీడియో క్యాసెట్టులో చూశాడు. వీపు మీది డబ్బాలో గాలి అయిపోవస్తుండగా ఆ పిల్ల ఇంటి తలుపు ముందు నిలబడుతుంది. లోపలున్న మరమనిషి తలుపు తీయాలి. సరిగ్గా అక్కడ తెర మీద గీతలొచ్చి, పాకాలలో ఎవరిదో పెళ్లి మొదలవుతుంది. సినిమా చివరి పది నిమిషాల మీద ఎవరో తలంబ్రాలు ఎక్కించేశారు.

తలుపు తెరుచుకుందా, లేదా? బాలచంద్ర అందరినీ అడిగాడు. చుట్టాలను, బస్సులో పక్క సీటువాళ్లను, పెళ్లిచూపుల్లో మోహనను. ఆ క్యాసెట్టును బీరువాలో దాచుకున్నాడు. పోయిన ఏడు మోహన దాన్ని పాత చీరలతో కలిపి స్టీలు సామాన్లవాడికి వేసి ఒక బేసిన్ తీసుకుంది. ఆ సాయంత్రం పెద్ద గొడవైంది. మరునాటి నుంచి ఆయన ఆమెతో ఒక్క మాట మాట్లాడలేదు. ఏడాది నిండింది.

“తప్పయిపోయిందయ్యా,” అంది మోహన ట్యాంకు వైపు చూసి. “బేసినుకు ఆశపడినా. ఒక్క ముద్ద తిను. తిడితే తిట్టు.”

ఆయన తిట్టలేదు. ఆమెకు అదే భయం.

మునికుమార్‌కు ఆకలి వల్ల నిజాయితీ పుట్టింది.

“బావా, నీ ట్రాన్సిస్టరు నేనే ఎత్తుకపోయినా. రేపే తెచ్చిస్తా.”

లాభం లేకపోయింది.

“రెయిన్‌కోటు గూడా.”

అయినా లాభం లేకపోయింది.

అప్పుడు మెట్ల మీద ఆయాసం వినిపించింది. సలావుద్దీన్ వచ్చాడు. ఒకప్పుడు సూళ్లూరుపేటలో క్యాసెట్లు అద్దెకిచ్చినవాడు, ఇప్పుడు తిరుపతి బస్టాండు దగ్గర ఫోన్లకు కవర్లు అమ్ముతున్నాడు. బాలచంద్రకు ప్రాణ స్నేహితుడు. చంకలో తెర ఉన్న చిన్న ప్లేయరు, చేతిలో కొత్త డిస్కు ఉన్నాయి.

“వచ్చేసిందిరా బాలా! ఆ సినిమా కంపెనీవోళ్లు పాత రీళ్లన్నీ కడిగి తుడిసి డిస్కు ఏసినారు. జపాన్ నుంచి తెప్పిచ్చినా.” గొంతు సవరించుకున్నాడు. “ఇంగొకటి గూడా సెప్పాల. ఆ పాకాల పెండ్లి ఎక్కిచ్చింది నేనే. వీడియో తీస్తాంటే టేపు అయిపాయె. సంచిలో ఆ క్యాసెట్టే ఉండింది.”

“నువ్వారా సలావూ!” తాయమ్మ లేచి నిలబడింది. “మా యింటికొచ్చి పాయసం తాగతా, ఏ ఎదవ సేసినాడో ఈ పని అని అందరికంటే గట్టిగా తిట్టింది నువ్వే గదరా!”

“అనుమానం రాకుండా తిట్టుకున్నా అక్కా.”

సలావుద్దీన్ ప్లేయరును పిట్టగోడ మీద పెట్టి, తెరను ట్యాంకు వైపు తిప్పాడు. తాయమ్మ దానికి గొడుగు పట్టింది. అందరూ చుట్టూ మూగారు. చివరి పది నిమిషాలు మొదలయ్యాయి.

ఆ పిల్ల తలుపు ముందు నిలబడింది. గాలి ముల్లు కిందికి పడిపోతోంది. మరమనిషి ఆలోచిస్తోంది.

“తియ్యవే ముదనష్టపుదానా!” అంది తాయమ్మ.

మోహన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

తలుపు తెరుచుకుంది. పిల్ల లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. తర్వాత నల్లటి తెర మీద జపాన్ అక్షరాలు కింది నుంచి పైకి పోసాగాయి.

“అంతేనా?” అన్నాడు మునికుమార్.

“అంతే. కథ రెండు నిమిషాలు. మిగిలిన ఎనిమిదీ పేర్లే,” అన్నాడు సలావుద్దీన్.

“దీనికోసమా ఇంతమందిని ఎండబెట్టినాడు! దీనికన్నా ఆ పాకాల పెండ్లే మేలు గదన్నా.”

సలావుద్దీన్ నవ్వి, ఆపడానికి చెయ్యి చాపాడు.

“ఆపొద్దన్నా,” అంది మోహన. “ఆయన సూస్తాండాడు.”

సలావుద్దీన్ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎవరికీ చదవడం రాని పేర్లు ఒక్కొక్కటే పైకి వెళ్లాయి. ఎనిమిది నిమిషాలూ మోహన చేతులు కట్టుకుని నిలబడింది.

ఆఖరి పేరు కూడా వెళ్లిపోయాక, ట్యాంకు మీది కాకి రెక్కలు విప్పుకుని దిగి వచ్చి, బాలచంద్ర సంవత్సరీకానికి పెట్టిన పిండాన్ని ముట్టుకుంది.