సర్పంచ్ మారక్క గారు ప్రతిపాదించగా

పెనుకొండ డిగ్రీ కాలేజీ దరఖాస్తును నాయన నా మొహాన విసిరేశాడు.

“బి.ఏ.నా? చరిత్ర, రాజనీతి చదివొచ్చి ఊరోళ్లకు హరికథ చెప్తావా? హిందూపురం పోయి కంప్యూటర్ నేర్చుకో. ఫీజు నేను కడతా.”

“ఓటేసినోళ్లకు ప్రశ్న అడిగేది రావాలంటే ఆ చదువే కావాల నాయనా.” రెండు రోజులుగా కూర్చుకున్న వాక్యం అది.

“మాటలు బాగా నేర్చినావు. మీయమ్మ ఏం చదివి సర్పంచయింది?”

అమ్మ ఎప్పటిలాగే పంచాయతీ తీర్మానాల పుస్తకంలో ఖాళీ పేజీల కింద వేలిముద్రలు వేస్తోంది. పైన రాయాల్సింది తర్వాత నాయన రాయిస్తాడు.

కోపం ఆపుకోలేక నేను ఆ పుస్తకం అందుకుని, పోయిన నెల పేజీ తీసి గట్టిగా చదివాను.

“గొర్రెలు మేసే బీడును కంకర మిల్లుకు ఇవ్వాలని సర్పంచ్ మారక్క గారు ప్రతిపాదించగా, సభ్యులందరూ ఆమోదించారు.”

అమ్మ వేలు గాలిలోనే ఆగిపోయింది. “నేనా? బీడు ఇచ్చేస్తే మన జీవాలు యాడ మేస్తాయి? నేనెప్పుడన్నా అట్ల?”

నాయన పుస్తకం లాక్కున్నాడు. “దీనికి ఆ చదువు వద్దని ఇందుకే అంటాండేది!”

అమ్మ లేచి, కింద పడిన నా దరఖాస్తు తీసుకొచ్చింది. తల్లిదండ్రుల సంతకం చేసే చోటు చూపించాను. ఆమె వేలు పెట్టలేదు.

“ముందు చదువు,” అంది. “మొత్తం చదువు. ఆ తర్వాతే ఏలిముద్ర.”